ఎదుటి కిటికీ చదివిన చలికాలం

ఆర్డిస్ ట్వైట్ పేరు చెబితే అమెరికా ఉత్తరాన ఉన్న మా ఎల్క్‌హోల్మ్‌లో పెద్దవాళ్ళందరికీ ముందు గుర్తొచ్చేది గరిటె. ఆమె చేతి వడ్డన తినకుండా మా ఊరి బడి దాటిన వాళ్ళు తక్కువ. పొద్దున ఇంట్లో ఏమీ తినకుండా వచ్చిన పిల్లవాణ్ణి ఆమె వాడి నడక చూసి పోల్చుకునేది. వాడి పళ్ళెంలో బంగాళాదుంప ముద్ద మీద ఇంకో ముద్ద పడేది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, వాళ్ళూ అనలేదు. కానీ ఇప్పటికీ ఆమె ఇంటి ముందు మంచు ఎవరు ఎత్తిపోస్తున్నారో చూడండి. పొద్దున్నే ఒక ట్రాక్టరు వచ్చి, దారి చేసి, హారన్ కూడా కొట్టకుండా వెళ్ళిపోతుంది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్ళు తల్లికి చేసింది. తల్లి పోయాక ఆ ఇంట్లో ఒక్కతే మిగిలింది. ఆదివారం చర్చిలో ఎడమవైపు నాలుగో బల్ల, మిగతా రోజులు వంట, కుట్టు, రేడియో. అక్కచెల్లెళ్ళు లేని ఆమెకు సొంత మనిషి అంటూ ఉన్నది మ్యూరియల్ ఓస్బీ. వెనక సందుకు ఇవతల ఆర్డిస్ ఇల్లు, అవతల మ్యూరియల్ ఇల్లు. వంటింటి కిటికీలు ఎదురెదురు. మ్యూరియల్ భర్త మంచాన పడి కాలం చేసిన ఏడాది ఆ ఇంటి పొయ్యి ఆరకుండా చూసింది ఆర్డిస్. ఆర్డిస్ తల్లి పోయిన రోజు వచ్చి, ఏమీ మాట్లాడకుండా గిన్నెలన్నీ తోమి వెళ్ళింది మ్యూరియల్. ఇద్దరికీ మాటలు తక్కువ. మధ్యాహ్నం కాఫీ పెట్టుకుని, రోడ్డు మీద ఎవరి కారు ఎటు పోయిందో చూస్తూ కూర్చుంటే వాళ్ళకు పొద్దు గడిచిపోయేది.

తర్వాత మ్యూరియల్‌కు కళ్ళు పాడయ్యాయి. చూపు నడిమధ్య ఒక మసక మచ్చ పడింది. అంచులు మాత్రం మిగిలాయి. కుండీలో పువ్వు ఉందని తెలుస్తుంది, ఏ పువ్వో తెలియదు. నడుస్తుంది, వండుకుంటుంది, కానీ అక్షరం మాత్రం దూరమైపోయింది.

మా చర్చి ఆడవాళ్ళు క్రిస్మస్ అయ్యాక మంచు కరిగేదాకా అందరూ కలిసి ఒకే పుస్తకం చదువుతారు. ప్రతి గురువారం చర్చి కింది హాల్లో కూర్చుని, చదివినంతవరకు మాట్లాడుకుంటారు. పుస్తకం ఎంచేది హ్యారియట్ స్కూగ్. ప్రతి ఏడూ ఏ మిషనరీ జీవితమో, ఈ నేలను మొదట దున్నినవాళ్ళ కథో తెచ్చే మనిషి, ఆ ఏడు మాత్రం మేనకోడలి మాట విని ఒక నవల తెచ్చింది. దాని పేరు ‘ఎదుటి కిటికీ’. ఒంటరిగా ఉండే ఒకామె మనసు కొంచెం కొంచెంగా పట్టు తప్పడం కథ. అట్ట మీద నల్లటి కిటికీ, అందులో ఒక చెయ్యి.

"ఇది చదివితే నిద్ర పట్టదట," అంది హ్యారియట్ పుస్తకాలు పంచుతూ, తప్పు తనది కానట్టు.

"నాకు ఎలాగూ పట్టదు," అంది మ్యూరియల్. పుస్తకం తీసుకుని అట్ట మీద వేళ్ళు నడిపింది. "చదివి పెట్టిన క్యాసెట్టు దొరుకుతుందా దీనికి?"

"రాసి పంపాం. వచ్చేసరికి ఎండాకాలం అవుతుందన్నారు."

మ్యూరియల్ పుస్తకం ఒడిలో పెట్టుకుంది. తర్వాత పక్కనే ఉన్న ఆర్డిస్‌తో, "నువ్వు చదివి వినిపిస్తావా నాకు?" అంది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా వాళ్ళు దేనికీ మొదటిసారి సరే అనరు. కాఫీ పోయనా అంటే వద్దంటారు. మళ్ళీ అడిగితే నీకెందుకు శ్రమ అంటారు. మూడోసారి అడిగితే అర కప్పు చాలంటారు, నిండు కప్పు తాగుతారు. మొదటిసారే సరే అంటే దానికోసమే కాచుక్కూర్చున్నట్టు ఉంటుందని మా భయం. అడిగేవాళ్ళకూ ఇది తెలుసు, అందుకే ఎవరూ ఒకసారి అడిగి ఊరుకోరు.

మ్యూరియల్ అడిగిన మాటకు ఆర్డిస్ గుండె నిండిపోయింది. నిండిపోయింది కాబట్టే పద్ధతి తప్పకుండా, "నా గొంతేం గొంతులే. బడి వంటింట్లో అరిచి అరిచి బొంగురుపోయింది. బాగా చదివేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే…" అంది.

మ్యూరియల్ మళ్ళీ అడగడానికి నోరు తెరిచింది. తెరిచిందని ఆర్డిస్ బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పగలదు. ఈలోగా బల్ల అవతలి నుంచి ఒక గొంతు వచ్చింది.

"నేను చదువుతాలే తల్లీ. మధ్యాహ్నాలు గోడలు చూడ్డం తప్ప నాకేం పనుంది? రేపే వస్తా."

ఆ గొంతు ఒడెట్ బ్రూసార్డ్‌ది. దక్షిణాన లూసియానా నుంచి కిందటి ఆకురాలు కాలంలో వచ్చింది. చనిపోయిన అక్క ఇల్లు ఆమె పేరుకు వచ్చింది, ఆమె ఆ ఇంటికి వచ్చింది. అందరినీ తల్లీ అంటుంది, అన్నిట్లో కారం వేస్తుంది, మా వైపు ఎవరూ ఎరగని బెండకాయలు వాళ్ళ వైపులాగా సూపులో వేస్తుంది, ఎవరేం పెట్టినా మొదటిసారే పళ్ళెం చాపుతుంది. పాపం, ఆమెకు ఎవరూ మా పద్ధతి చెప్పలేదు. చెప్పడానికి అదొక పద్ధతని మాలో ఎవరికీ తోచలేదు.

హాల్లో ఎవరో చెంచా కప్పులో అవసరానికి మించి తిప్పారు.

"నీకు శ్రమేమో," అంది మ్యూరియల్.

"శ్రమేముంది ఇందులో? కాఫీ నీది, గొంతు నాది."

మ్యూరియల్ నవ్వింది. ఆ నవ్వు ఆర్డిస్‌కు ఎక్కడో చేపముల్లులా దిగింది.

మర్నాడు మధ్యాహ్నం మ్యూరియల్ ఇంటి పక్కన ఒడెట్ ఎర్ర కారు ఆగింది. ఆ తర్వాతి రోజు కూడా ఆగింది. చదువుకుంటున్న చోటికి మధ్యలో వెళ్ళి కూర్చోవడం మర్యాద కాదని ఆర్డిస్ వెళ్ళడం మానేసింది. రమ్మని మ్యూరియల్ ఫోన్ చేస్తుందనుకుంది. మ్యూరియల్ చెయ్యలేదు. ఎవరూ రావద్దనలేదు, అదే ఆర్డిస్‌కు మరీ కష్టంగా ఉండేది. రావద్దని ఉంటే కోపమైనా తెచ్చుకునేది.

తన కాఫీ తనే పెట్టుకుని, తన పుస్తకం తనే తీసి చదవసాగింది.

నవల్లో ఆమె పేరు కోరిన్. నగరంలో ఏదో ఆఫీసులో టైపు కొట్టే మనిషి. మూడో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. ఎదుటి ఇంట్లో మిసెస్ హేల్ అని ఒకావిడ. ఒక సాయంత్రం మిసెస్ హేల్ కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఊపింది కింద రోడ్డు మీద పోతున్న ఎవరికో, కోరిన్ తనకే అనుకుంది. కథ అక్కడ మొదలు. మిసెస్ హేల్ కిటికీకి ఉన్నలాంటి కర్టెన్లే కొనుక్కుంది. తర్వాత అలాంటి కోటే కుట్టించుకుంది. ఆమె ఇంటికి ఎవరొచ్చారో, ఎంతసేపున్నారో కనిపెట్టడం ఒక్కటే పని అయిపోయింది.

మొదట్లో ఆర్డిస్‌కు కోరిన్ అంటే చిరాకు. "ఈమెకు తోముకోడానికి అంట్లు లేవా? వెళ్ళడానికి ఒక చర్చి లేదా?" అని పైకే అనేది. ఖాళీ వంటింట్లో పైకి మాట్లాడటం తనకు అలవాటై ఎన్నేళ్ళయిందో ఆమెకు తెలియదు.

ఒకరోజు దుకాణంలో బంగాళాదుంపల దగ్గర ఒడెట్ ఎదురైంది.

"ఆర్డిస్ తల్లీ, నువ్వు పడవలోంచి చెరువులో పడితే నువ్వు మునిగి నీ టోపీ తేలిందట కదా. మ్యూరియల్ చెబుతుంటే నవ్వలేక చచ్చాననుకో."

"అవునండీ," అంది ఆర్డిస్.

"ఏంటి, నాతో ఇంకా అండీలా?"

"అలవాటండీ."

ఆర్డిస్ చూడకుండానే దుంపలు సంచిలో వేసుకుంటూ పోయింది. ఆ టోపీ కథ ఇద్దరిది. ముప్పై ఏళ్ళుగా ఇద్దరి మధ్యే ఉంది. ఎప్పుడైనా ఒకరికి దిగులుగా ఉంటే, రెండోవాళ్ళు "టోపీ" అని ఒక్క మాట అనేవాళ్ళు. దాన్ని మ్యూరియల్ ఒక బంగాళాదుంపంత తేలిగ్గా తీసి ఇంకొకరి సంచిలో వేసేసింది. ఆ రోజు ఆర్డిస్ గుడ్లు కొనడానికి వెళ్ళి గుడ్లు లేకుండా ఇంటికొచ్చింది.

మా వైపు చలికాలంలో నాలుగున్నరకే వెలుగు పోతుంది. అలాంటి ఒక సాయంత్రం ఆమె కిటికీ పక్కన కూర్చుని చదువుతోంది. కోరిన్ మిసెస్ హేల్ కిటికీని చూడాలనుకుంటుంది, కానీ తన గదిలో వెలుగుంటే అద్దంలో తన మొహమే కనిపిస్తుంది. అందుకని దీపం ఆర్పేస్తుంది. చీకట్లో కూర్చుని హాయిగా చూస్తుంది. ఆ వాక్యం దగ్గర ఆర్డిస్‌కు అక్షరాలు ఆనలేదు. ఎందుకు ఆనడం లేదా అని తలెత్తి చూస్తే, వంటింటి దీపం ఆరి ఉంది. ఆర్పింది తనే. ఎప్పుడు ఆర్పిందో గుర్తు లేదు. సందు అవతల పసుపుపచ్చ వెలుగులో రెండు తలలు కనిపిస్తున్నాయి, ఒకటి పుస్తకం మీదికి వంగి, ఒకటి వెనక్కి వాలి.

ఆర్డిస్ లేచి దీపాలన్నీ వేసింది. పుస్తకాన్ని తీసుకెళ్ళి ఫ్రీజర్లో బఠాణీల సంచి కింద పెట్టి మూత వేసింది. లోపలి మనిషి గడ్డకట్టి కదలకుండా ఉంటుందనుకుందో ఏమో. ఆ రాత్రి ప్రార్థనలో మ్యూరియల్ కళ్ళ కోసం అడిగింది, పాస్టరు గారి మోకాలి కోసం అడిగింది. ఒడెట్ పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. దేవుడికి ఆ పేరు తెలుసు కదా అని సర్దుకుంది.

అయినా పుస్తకాన్ని ఎక్కువసేపు వదలలేకపోయింది. మర్నాడు ఫ్రీజర్లోంచి తీసి, చల్లటి కాగితాలు తిప్పుతూ నిలబడే చివరిదాకా చదివేసింది. చివర్లో కోరిన్ అదే కోటు వేసుకుని మిసెస్ హేల్ లేనప్పుడు ఆ ఇంట్లోకి వెళ్ళి, ఆమె కుర్చీలో కూర్చుంటుంది. తలుపు తీసుకుని వచ్చిన మిసెస్ హేల్, "ఎవరది?" అంటుంది. కోరిన్ మిసెస్ హేల్ పేరే తన పేరుగా చెబుతుంది. అక్కడితో నవల అయిపోయింది.

ఆర్డిస్‌కు వొళ్ళు జలదరించింది. ఆ జలదరింపులోనే ఒక ఆలోచన కూడా వచ్చింది. ఈ ముగింపు మ్యూరియల్‌కు ఇప్పుడే చెప్పేస్తే? నోరు జారినట్టు, మాటల్లో వచ్చేసినట్టు చెప్పేస్తే ఇక ఒడెట్ చదవడానికి ఏం మిగులుతుంది? ఎర్ర కారు రావడానికి పనేముంటుంది? ఇది చెడ్డ ఆలోచన అని ఆమెకు తెలుసు. తెలిసే పిండి జల్లించింది, ఖర్జూరాలు ఉడికించింది, మ్యూరియల్‌కు ఇష్టమైన ఖర్జూరం ముక్కలు పళ్ళెం నిండా కాల్చి చదరంగా కోసింది. వాటి మీద గుడ్డ కప్పి, బూట్లు తొడుక్కుని సందు దాటింది.

మా ఊళ్ళో వెనక తలుపుకు తాళం వెయ్యరు. మ్యూరియల్ ఇంటి వెనక వసారాలో బట్టలుతికే యంత్రం పక్కన నిలబడి ఆర్డిస్ బూట్ల మంచు దులుపుకుంటుంటే, లోపలి నుంచి ఒడెట్ చదవడం వినిపించింది. తీసికట్టు చదువు. వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది, పొడుగు మాటల దగ్గర తడబడుతోంది. ఆర్డిస్ పెదవి విరిచింది. ఇంతకంటే నా బొంగురు గొంతు నయం అనుకుంది.

కోరిన్ మొదటిసారి మిసెస్ హేల్ గుమ్మం ఎక్కే ఘట్టం అది. ఆర్డిస్‌కు బాగా గుర్తు. కోరిన్ చెయ్యి గంట దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తుంది. మెట్లు దిగిపోతుంది. ఇక ఎప్పుడూ ఆ ఇంటి ముందు తలుపు జోలికి పోదు.

లోపల ఒడెట్ గొంతు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మొదలైనప్పుడు తడబాటు లేదు, పాటలా సాగింది.

"…కోరిన్ గంట కొట్టింది. మిసెస్ హేల్ తలుపు తీసి, ‘వచ్చావా, రా రా, ఇంత చలిలో బయట నిలబడతారా ఎవరైనా? బెండకాయలు వేసి సూపు పెట్టాను, ఒక్కదాన్నే ఎలా తాగాలా అనుకుంటున్నా,’ అంది. కోరిన్ లోపలికి వెళ్ళి కూర్చుంది. కాళ్ళు వెచ్చబడ్డాయి."

"బెండకాయలా," అంది మ్యూరియల్ గొంతు.

"అలాగే ఉంది తల్లీ ఇక్కడ."

ఆర్డిస్ కదల్లేదు. పుస్తకంలో బెండకాయ లేదు. సూపు లేదు. ఎవరూ తలుపు తియ్యలేదు. ఈవిడ కళ్ళు కనపడని మనిషికి లేని కథ చదువుతోంది.

ఆమెకు కలిగిన సంతోషం చెప్పకుండా ఉండలేను. బడి సెలవులిచ్చిన రోజు పిల్లల మొహాల్లో ఉండే సంతోషం అది. చేతిలో పళ్ళెం ఉతికే యంత్రం మీద పెట్టి, మరిచిపోయి, వెనక్కి తిరిగి సందు దాటేసింది. ఇంటికి వెళ్ళి ఆ పేజీ వెతికి అందులో నీలం ఊలు ముక్క పెట్టింది. తను ఒక్క మాట చెప్పనక్కర్లేదు. గురువారం రానీ. మ్యూరియల్ తనంత తానే ఆ బెండకాయ సూపు మాట ఎత్తుతుంది. హ్యారియట్ ఏ పేజీ అని అడుగుతుంది. అప్పుడు తను పుస్తకం తెరిచి, మెత్తగా, బాధపడుతున్నట్టు, "ఇక్కడ అలా లేదే," అంటుంది. అంతే చాలు. ఆ పైన ఒడెట్ ఇంకెవరింటికీ చదవడానికి వెళ్ళదు.

ఆ మధ్య వచ్చిన ఆదివారం పాస్టరు గారు ఏం బోధించారో ఆమెకు చేరలేదు. నోరు పాట పాడుతోంది, మనసు ఊలు ముక్క దగ్గర ఉంది.

గురువారం హాలు నిండింది. మంచు తుఫాను వస్తుందన్నా ఎవరూ మానలేదు. ఆ నవల అందరినీ అలా పట్టుకుంది. హ్యారియట్ కోరిన్‌ను తప్పు పట్టింది, ఇంకొకావిడ మిసెస్ హేల్‌ను తప్పు పట్టింది, ఒకావిడైతే ఇంటికి కొత్త తాళం పెట్టించానని చెప్పుకుంది. ఆర్డిస్ ఒడిలో పుస్తకం ఉంది, వేలు ఊలు ముక్క మీద ఉంది.

మ్యూరియల్ గొంతు సవరించుకుంది. "నాకైతే ఆమె గంట కొట్టినప్పుడు ఆవిడ లోపలికి రమ్మన్న ఘట్టం బాగుంది. ఆ బెండకాయ సూపు."

కొందరు పుస్తకాలు తిప్పారు.

"ఏ పేజీలో ఉంది ఈ బెండకాయ?" అంది హ్యారియట్. ఆమెలో కల్మషం లేదు, నిజంగానే వెతుకుతోంది.

ఆర్డిస్ ఎదురుచూసిన క్షణం వచ్చింది. ఆమె ఒడెట్ వైపు చూసింది. ఒడెట్ మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడిపోయింది. కళ్ళు బల్ల మీదికి దిగిపోయాయి. అయినా ఆమె కుడిచెయ్యి మాత్రం తన పని తను చేస్తోంది. మ్యూరియల్ కాఫీ కోసం చెయ్యి చాపి తడుముతుంటే, ఒడెట్ కప్పును కొంచెం తిప్పి, పిడి మ్యూరియల్ వేళ్ళకు అందేలా జరిపింది. తను పట్టుబడిపోతున్న ఆ క్షణంలో కూడా. ఆ పని తెలియకుండానే చేసింది. రోజూ చేసి చేసి అలవాటైన చెయ్యి అది.

ఆ చెయ్యి చూసి ఆర్డిస్‌కు అసూయ తగ్గలేదు, ఇంకా మండింది. ఆ పిడి తిప్పాల్సింది తను. కానీ ఆ చూపు పక్కనే ఉన్న మ్యూరియల్ మీద కూడా పడింది. మ్యూరియల్ మొహం ఎత్తి, నవ్వు సగంలో ఆపి, ఎందుకింత నిశ్శబ్దమా అని వింటోంది. తను ఇప్పుడు పుస్తకం తెరిస్తే సిగ్గుపడేది ఒడెట్ ఒక్కతే కాదు. ఇంతమందిలో, చూపు లేని మనిషిని మోసం చేశారని తేలితే, మోసపోయిన మనిషిగా అందరి జాలీ మోసుకుంటూ ఇంటికి వెళ్ళేది మ్యూరియల్.

ఆర్డిస్ పుస్తకం మూసింది. అబద్ధం ఆడటం ఆమెకు రాదు, అందులోనూ చర్చిలో. ఉన్న నిజాల్లో ఒకటి వెతుక్కుంది.

"నేను అక్కడ చదువుతున్నప్పుడు, ఎవరైనా తలుపు తీసి ఆ పిల్లను లోపలికి రమ్మంటే ఎంత బాగుండుననిపించింది. ఆ సూపేదో నాకూ కావాలనిపించింది," అంది. "హ్యారియట్, కాఫీ మిగిలిందా?"

హ్యారియట్ తెలివితక్కువది కాదు. మ్యూరియల్‌ను చూసింది, ఒడెట్‌ను చూసింది, పుస్తకం బల్ల మీద బోర్లించింది. "కాఫీ అయితే ఉంది. బెండకాయలకు మాత్రం నన్నడగొద్దు," అంది. అందరూ నవ్వారు. మాట తాళాల మీదికి మళ్ళింది.

ఆ వారం హాలు వెనక వంటింట్లో కప్పులు కడిగే వంతు ఆర్డిస్‌ది. మ్యూరియల్ తుడవడానికి వచ్చి పక్కన నిలబడింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?" అంది మ్యూరియల్.

"ఏం తెలుసు?"

"వేషాలు వెయ్యకు. నా వసారాలో ఖర్జూరం ముక్కలు వాటంతటవే నడిచొచ్చాయా? పళ్ళెం అంచు సొట్ట నా వేళ్ళకు తెలియదా?"

ఆర్డిస్ కప్పు కడిగిందే మళ్ళీ కడిగింది. "అయితే నీకు కూడా తెలుసన్నమాట, అది పుస్తకంలో లేదని."

"పుస్తకం చదివేటప్పుడు పాపం ఆవిడ ముక్కలు ముక్కలుగా చదువుతుంది. సొంతంగా చెప్పేటప్పుడు నదిలా పోతుంది. చెవులు బాగానే ఉన్నాయే నాకు. అయినా నగరంలో మిసెస్ హేల్‌కు బెండకాయలు ఎక్కడివి?"

"మరి ఊరుకున్నావేం?"

"ఆమె ఎవరికి చెప్పుకుంటోందో, నాకో తనకో తెలియలేదు. అందుకని ఊరుకున్నా." మ్యూరియల్ ఆర్డిస్‌ను చూడటానికి మొహం తువ్వాలు కొక్కెం వైపు తిప్పింది. అంచు చూపుతో చూడాలంటే అలాగే తిరగాలి. "నువ్వెందుకు రావడం లేదు? నెలయింది."

"నన్ను రమ్మన్నావా?"

"నిన్ను రమ్మనడమేంటే కొత్తగా? చదివి పెట్టమని నిన్నేగా అడిగింది. వద్దన్నావు."

"ఒక్కసారేగా వద్దన్నది."

మ్యూరియల్ చేతిలో తువ్వాలు ఆగిపోయింది. "రెండోసారి అడగబోయాను. ఆవిడ సరే అనేసింది. ఇక నన్నేం చెయ్యమంటావు, నీకు కాదమ్మా అననా? పాపం, అంత సంబరంగా అంటే."

"మర్నాడు ఫోన్ చెయ్యొచ్చుగా."

"సందు దాటి నువ్వు రావొచ్చుగా. కళ్ళున్నవి నీకు."

ఆర్డిస్ నీళ్ళు కట్టేసింది. ఎవరూ వినకుండా అంది, "టోపీ కథ ఎందుకు చెప్పావు ఆవిడకు?"

"ఆ రోజు ఏడుస్తోంది ఆవిడ. ఏం చెయ్యాలో తోచలేదు నాకు. నా దగ్గర ఉన్నవాటిలో మంచిది అదే."

ఆర్డిస్ ఆఖరి కప్పు ఇచ్చింది.

"రేపు రా," అంది మ్యూరియల్. "అసలు పుస్తకం వినాలని ఉంది నాకు. ఉన్నదున్నట్టు, భయంగా ఉన్నా సరే. నువ్వు చదువు. ఒడెట్ కూడా ఉంటుంది."

"ఆవిడ ఉంటే నేను రాను."

"అయితే రాకు," అంది మ్యూరియల్, కోపం లేకుండా. కప్పు తుడిచి బీరువాలో పెట్టి, గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆర్డిస్ ఆ ఖాళీ వంటింట్లో చాలాసేపు నిలబడింది. మోకరించలేదు గానీ సింకు అంచు పట్టుకుని ప్రార్థన లాంటిదేదో చేసింది. ఇది న్యాయమేనా ప్రభువా అని ఒకసారి అడిగింది. సింకు తుడిచి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం ఎర్ర కారు వచ్చి ఆగేదాకా చూసి, అప్పుడు పుస్తకం చంకన పెట్టుకుని సందు దాటింది. ఒడెట్ ఆమెను చూసి లేచి నిలబడింది.

"నిన్న నువ్వు నన్ను…" అని మొదలుపెట్టింది.

"కూర్చోండి," అంది ఆర్డిస్. "చదవాల్సింది చాలా ఉంది."

గంట దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చిన చోటి నుంచి మొదలుపెట్టింది. బొంగురు గొంతే, కానీ ఆగదు, తడబడదు. బడి వంటింట్లోంచి పిల్లలందరికీ వినపడేలా మాట్లాడి అలవాటైన గొంతు. కోరిన్ కోటు కుట్టించుకుంది, దీపం ఆర్పింది, తాళంచెవి దొంగిలించింది. మ్యూరియల్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. దీపం ఆర్పే చోట ఆర్డిస్ గొంతు కొంచెం తగ్గింది, అంతే, చదవడం ఆపలేదు.

చివరి పేజీ అయ్యాక ఆర్డిస్ పుస్తకం మూసింది.

"అందుకే నేను మార్చి చదివాను," అంది ఒడెట్, ముక్కు తుడుచుకుంటూ. "మా ఆయన పోయిన ఏడు నేను కర్టెన్లు తీయలేదు. ఎదురింట్లో పిల్లలు ఆడుకుంటుంటే వాళ్ళ మీద కోపం వచ్చేది నాకు. పిల్లల మీద. ఆ మాటలు నా నోటితో చదవలేకపోయాను. గంట కొడితే సరిపోయేదిగా ఆ పిచ్చిది, అనిపించేది."

"గంట కొట్టడం అంత తేలిక కాదండీ," అంది ఆర్డిస్.

మ్యూరియల్ ఒడెట్ మణికట్టు మీద చెయ్యి వేసి, "నీ ముగింపు అయితే ఇంకో కిలో బెండకాయలు పట్టేది," అంది. ఇద్దరూ నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆర్డిస్ ఆ చేతిని చూసింది. ముల్లు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. ఆ చెయ్యి ఎంతసేపు అక్కడ ఉంటుందో చూడకూడదనుకుంది, చూసింది.

"ఆ గంట దగ్గర పేజీ ఇంకోసారి చదవ్వే," అంది మ్యూరియల్.

ఆర్డిస్ పేజీలు వెనక్కి తిప్పింది. ఆమె చదువుతుండగా ఒడెట్ లేచి, ఎవరినీ ఏదీ అడక్కుండా పై గూట్లోంచి మంచి కప్పులు తీసింది, పంచదార డబ్బా తీసింది, చెంచాలు ఏ సొరుగులో ఉంటాయో ఆ సొరుగే లాగింది. ఆర్డిస్‌కు వరుస తప్పింది. పేరా మొదటికి వెళ్ళి మళ్ళీ అందుకుంది.

ఒడెట్ ఆమె మోచేతి పక్కన కప్పు పెట్టింది. నిండా పాలు పోసి, రెండు చెంచాల పంచదార కలిపిన కాఫీ. ఆర్డిస్ జీవితంలో ఎప్పుడూ కాఫీలో పాలు వేసుకోలేదు. మ్యూరియల్‌కు ఆ సంగతి తెలుసు, కానీ కప్పులో ఏముందో ఆమెకు కనిపించదు.

ఆర్డిస్ చదవడం ఆపి ఒక గుక్క తాగింది.

"బాగుందా తల్లీ?" అంది ఒడెట్.

"వేడిగా ఉంది," అంది ఆర్డిస్, మిగతాది కూడా తాగి పేజీ తిప్పింది.